పప్పు, గుడ్డు మాన్పించి ప్రొటీన్ పౌడరా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా హాలియా దగ్గర ఊరు. మా నాన్నకు 58 ఏళ్లు, 60 కిలోల బరువు. 12 ఏళ్లుగా షుగర్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. బత్తాయి తోటలో అరికాలికి ముల్లు దిగితే సాయంత్రం దాకా తెలియలేదు. ఆరు వారాలైనా పుండు మానట్లేదు. చీము పడుతుందని ఇంట్లో పప్పు, గుడ్డు పెట్టడం లేదు. మెడికల్ షాపులో ప్రొటీన్ పౌడర్, జింక్, విటమిన్ సి బిళ్లలు ఇచ్చారు. వాడొచ్చా?

జవాబు: ముందు ఆ పథ్యం మానేయండి. పప్పుతో, గుడ్డుతో చీము పట్టదు. చీము పట్టేది సూక్ష్మక్రిములతో, అదుపులో లేని షుగర్‌తో. కొత్త కండ పుట్టాలంటే ప్రొటీన్ కావాలి. పుండు ఉన్నవారికి కిలో బరువుకు రోజుకు 1.25 నుంచి 1.5 గ్రాములు, అంటే మీ నాన్నగారికి 75 నుంచి 90 గ్రాములు. చారన్నంతో అది వచ్చేది కాదు. గుడ్డులో 6 గ్రాములు, 50 గ్రాముల పెసర్లలో 12 గ్రాములు ఉంటుంది. చేప, చికెన్, పెరుగు కూడా పెట్టండి. తిండితో చాలకపోతేనే పౌడర్. అదీ చక్కెర కలపనిది. అయితే ఇన్నేళ్ల షుగర్‌లో కిడ్నీలు దెబ్బతిని ఉండొచ్చు. క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించకుండా డబ్బా మూత తీయొద్దు. తేడా ఉంటే ఎంత ప్రొటీన్ తినాలో డాక్టరే చెప్పాలి.

జింక్ లోపం ఉంటేనే ఆ బిళ్లలతో లాభం. నెలల తరబడి ఎక్కువ మోతాదులో మింగితే ఒంట్లో రాగి తగ్గి రక్తహీనత వస్తుంది. విటమిన్ సికి రోజుకో జామకాయ చాలు. తోటలోని బత్తాయి కూడా తినొచ్చు, తొనలుగా మాత్రమే, జ్యూస్ వద్దు. పెద్ద డోసు విటమిన్ సితో కొన్ని గ్లూకోమీటర్లు తప్పు రీడింగ్ చూపిస్తాయి. మీరు అడగని బీ12 పరీక్ష మాత్రం చేయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్లపాటు వాడితే అది తగ్గుతుంది, దానితోనూ పాదాలు మొద్దుబారతాయి.

నన్ను ఎక్కువ టెన్షన్ పెడుతున్నది ముల్లు తెలియకపోవడం. స్పర్శ లేని కాలు మీద నడుస్తుంటే, ఏ బిళ్ల వేసినా పుండు నలుగుతూనే ఉంటుంది. ఆ కాలిమీద బరువు పడకూడదు, తోట పని ఆపాలి. ఈ వారంలోనే నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో సర్జన్‌కు చూపించండి. ముల్లు ముక్క మిగిలిందా, ఎముకకు ఇన్ఫెక్షన్ పాకిందా, రక్తం సరిగా అందుతోందా చూస్తారు. బీడీ అలవాటుంటే మాన్పించండి.

ఎరుపు పైకి పాకినా, వేలు నల్లబడినా, దుర్వాసన, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.