బ్లాక్‌మెయిల్‌లో 'మెయిల్' అంటే ఉత్తరం కాదు

మెయిల్ అంటే ఉత్తరం కదా, మరి బ్లాక్‌మెయిల్‌లో ఉత్తరం ఎక్కడుందని కొందరు అడుగుతారు, అసలు లేదు. ఉత్తరాల మెయిల్ ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని మొదటి అర్థం సంచి. బ్లాక్‌మెయిల్‌లోని మెయిల్ వేరు, స్కాట్లాండ్‌లో పాత రోజుల్లో కౌలుకు, శిస్తుకు ఆ పేరు. 16వ శతాబ్దంలో ఇంగ్లండ్ సరిహద్దు పల్లెల మీద ముఠాలు పడి పశువుల్ని తోలుకుపోయేవి, అట్లా జరగొద్దంటే రైతు ముందే ముఠా నాయకుడికి ఎంతో కొంత ముట్టజెప్పాలి, అదే బ్లాక్‌మెయిల్. హన్మకొండ చౌరస్తాలో మిర్చి బజ్జీలు వేసే అక్క, బండి జోలికి రావద్దని ఎవడికో రోజూ వంద ఇస్తుందనుకోండి, పాత అర్థంలో అచ్చం ఇదే. గుట్టు బయటపెడతానని బెదిరించి డబ్బు గుంజడమనే ఇప్పటి అర్థం 19వ శతాబ్దంలో వచ్చింది.