అడగండి చెబుతాను: అంత ధర దేనికి?

ప్రశ్న: మా అబ్బాయి పాత క్రికెట్ బంతిని కోసి చూస్తే లోపల బెరడు (కార్క్) గుండు, దాని చుట్టూ ఉన్ని దారం ఉన్నాయి. దీనికా అంత ధర? ఫ్యాక్టరీలో దీన్ని ఎలా చేస్తారు? అంతా యంత్రాలతోనే చేస్తే చవక కాదా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: లోపలిది చవకేనమ్మా. మీరు డబ్బు పెట్టింది పైనున్న తోలుకూ, కుట్టుకూ. నాకు ఆటవస్తువుల కొట్టు ఉంది. సరుకు కోసం మీరట్ వెళితే, యజమానులు ఆఫీసులో కూర్చోబెట్టి టీ ఇవ్వాలని చూస్తారు. నేను మాత్రం కుట్టేవాళ్ల గదిలోకి దారి తీస్తాను.

మీరట్, జలంధర్‌లకు ఈ పని చాలావరకు ఇప్పటి పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ నుంచి వచ్చింది. దేశ విభజన సమయంలో అక్కడి వ్యాపారులు, పనివారు ఈ ఊళ్లలో స్థిరపడ్డారు. మన టెస్టు మ్యాచ్‌ల బంతులు చేసే ఎస్‌జీ కూడా 1931లో సియాల్‌కోట్‌లో మొదలైన సంస్థే.

పటికతో పదును చేసి, ఎర్ర రంగు పట్టించిన తోలును కమలాతొనల్లా నాలుగు ముక్కలుగా కోస్తారు. రెండేసి ముక్కలను లోపలివైపు నుంచి కలిపి కుడితే ఒక చిప్ప తయారవుతుంది. అలాంటి రెండు చిప్పల మధ్య గుండును పెట్టి, ఒకదాని అతుకు రెండోదాని అతుకుకు అడ్డంగా వచ్చేలా తిప్పి, కర్ర బిగింపులో ఇరికిస్తారు. అసలు పని అక్కడ మొదలవుతుంది. దారం రెండు కొసలకూ సూదులుంటాయి. కుట్టేవాడు వాటిని ఒకే బెజ్జంలో ఎదురెదురుగా దూర్చి, రెండు చేతులూ బార్లా చాచి లాగుతాడు. ప్రతి కుట్టుకూ అంతే. పక్కన కూర్చుని చూస్తుంటే నా భుజాలే నొప్పి పుడతాయి.

మొత్తం ఆరు వరుసల కుట్టు. చిప్పలను కలిపి ఉంచేవి మధ్యలోని రెండు వరుసలే. ఆస్ట్రేలియా కూకబుర్రా బంతికి మిగతా నాలుగు వరుసలను యంత్రమే కుడుతుంది, కాబట్టి యంత్రంతో కుదరదని అనను. ఎస్‌జీకీ, ఇంగ్లండ్ డ్యూక్స్‌కూ ఆరు వరుసలూ చేతికుట్టే. అందుకే వాటి కుట్టు ఉబ్బెత్తుగా, ఎక్కువ ఓవర్లపాటు నిలబడుతుంది. బౌలర్లు ఇష్టపడేది దాన్నే.

తరువాత అచ్చులో నొక్కి గుండ్రం చేయడం, మెరుగు పెట్టడం, బంగారు రంగు ముద్ర వేయడం. ఇవన్నీ చకచకా అయిపోతాయి. తూకం దగ్గర మాత్రం బేరం లేదు. పురుషుల మ్యాచ్ బంతి 155.9 నుంచి 163 గ్రాముల లోపు, చుట్టుకొలత 22.4 నుంచి 22.9 సెంటీమీటర్ల లోపు ఉండాలి. దారం చుట్టేటప్పుడు చెయ్యి కాస్త వదులైనా ఈ లెక్క తప్పుతుంది.

కొనేటప్పుడు కుట్టుకు అడ్డంగా, ఒక్కో చిప్ప మీద సన్నటి అతుకు గీత ఉందేమో చూడండి. ఉంటే ఫోర్ పీస్. లేకపోతే ఒక్కో చిప్పకు ఒకే తోలు ముక్క వాడిన టూ పీస్, అది చవక. రోజువారీ ప్రాక్టీసుకు టూ పీస్ చాలు. అకాడమీ వాళ్లు చెప్పారని వారం వారం ఫోర్ పీస్ కొనకండి. ఇంట్లో అమ్మాయి కూడా ఆడుతుంటే, మహిళల బంతి వేరే ఉంటుంది, 140 నుంచి 151 గ్రాములు. దాన్ని పేరు పెట్టి అడగండి, అడగకపోతే మా కొట్లవాళ్లం ఉన్నదే చేతిలో పెడతాం.