చీజ్ సంగతి తర్వాత, ముందు ఆ తిమ్మిర్ల సంగతి చూడండి

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. విజయవాడ పటమటలో ఉంటాం, ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొదటి నుంచీ శాకాహారులం. నాలుగు నెలల క్రితం పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేసి వీగన్‌గా మారాను. అన్నిటికీ అలవాటు పడ్డాను కానీ చీజ్ లేకుండా ఉండలేకపోతున్నాను. ఆన్‌లైన్‌లో మూడు రకాల వీగన్ చీజ్ తెప్పించాను. ఒకటి పెనం మీద కరగనే లేదు, ఒకటి కొబ్బరినూనె వాసన, మూడోది బాగుంది కానీ ఖరీదెక్కువ. ఏ రకం ఆరోగ్యానికి మంచిది? జీడిపప్పుతో ఇంట్లో చేసుకుంటే ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది? రెండేళ్లుగా థైరాయిడ్‌కు 50 మైక్రోగ్రాముల మాత్ర, గ్యాస్‌కు పాంటోప్రజోల్ వాడుతున్నాను. పాలు మానేశాను కదా అని పొద్దున్నే థైరాయిడ్ మాత్రతోపాటే క్యాల్షియం కూడా వేసుకుంటున్నాను. ఈమధ్య రాత్రిళ్లు పాదాలు తిమ్మిరెక్కుతుంటే మెడికల్ షాపులో అడిగి బీకాంప్లెక్స్ తెచ్చుకున్నాను, కాస్త తగ్గినట్టే ఉంది.

సమాధానం: అమ్మా, చీజ్ గురించి అంత వివరంగా రాసి తిమ్మిర్ల మాట చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. మా ఓపీలోనూ ఇంతే, పావుగంట గ్యాస్ గురించి చెప్పి, లేచి తలుపు దాకా వెళ్లి "అన్నట్టు డాక్టర్ గారూ" అని వెనక్కి తిరుగుతారు, అసలు జబ్బు అక్కడ బయటపడుతుంది.

మీ ఇంట్లో వాళ్లు ఈపాటికి "పాలు మానేసింది, అందుకే ఇలా అయింది" అంటూనే ఉంటారు. నాలుగు నెలల్లో అలా అవదు. ఇలాంటి తిమ్మిర్లకు ముందుగా అనుమానించేది విటమిన్ బీ12 లోపాన్ని. నరాలకు అవసరమైన ఈ విటమిన్ సహజంగా పాలు, గుడ్లు, మాంసం లాంటి వాటిలోనే దొరుకుతుంది. అది లివర్‌లో నిల్వ ఉంటుంది, ఆ నిల్వ నిండుగా ఉన్నవాళ్లకు బయట నుంచి అందకపోయినా కొన్నేళ్లు నెట్టుకొస్తుంది. కాబట్టి మీకు నిజంగా లోపమే ఉంటే అది మీరు వీగన్ కాకముందు నుంచే ఉండి ఉండాలి, పాలు మానడంతో ఉన్న కాస్త ఆధారం కూడా పోయి ఉండాలి. మాంసం, గుడ్డు తినని ఇళ్లలో ఈ లోపం మేము రోజూ చూసేదే. పైగా రెండేళ్ల పాంటోప్రజోల్. ఆహారంలోని బీ12 విడివడాలంటే కడుపులో యాసిడ్ కావాలి, ఆ యాసిడ్‌నే మీరు రోజూ తగ్గించుకుంటున్నారు. అసలు ఆ మాత్ర రెండేళ్లు వాడమని ఎవరు రాశారు? నాకు తెలిసి ఎవరో రెండు వారాలకో నెలకో రాసి ఉంటారు, ఆ పాత చీటీ చూపించి మీరు తెచ్చుకుంటూనే ఉన్నారు. అలాగని ఇది చదివి రేపే టక్కున ఆపేయకండి, ఒక్కసారిగా ఆపితే మంట రెట్టింపై తిరగబెట్టొచ్చు. రాసిన డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించుకోవాలి.

ఇప్పుడు ఆ బీకాంప్లెక్స్. కాస్త తగ్గినట్టే ఉంది అన్నారు చూడండి, నాకు భయం వేసేది అక్కడే. వాటిలో చాలావాటికి ఫోలిక్ యాసిడ్ అనే మరో బీ విటమిన్ కలిపి ఉంటుంది. బీ12 చాలనప్పుడు ఒట్టి ఫోలిక్ యాసిడ్ పడితే రక్తం రిపోర్టు బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. కొన్నిటిలో బీ6 మోతాదు ఎక్కువ, అది నెలల తరబడి వాడితే దానివల్లే తిమ్మిర్లు రావచ్చు. మాత్రలో బీ12 కూడా ఉంటే కొద్దిరోజుల్లోనే రక్తంలో అంకె పెరిగి, తర్వాత పరీక్ష చేస్తే "నార్మల్" అని వస్తుంది, ఇక అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కౌంటర్ దగ్గర అబ్బాయిని నేను తప్పుపట్టను, మీరు అడిగారు, అతను ఇచ్చాడు. తిమ్మిరి అనగానే మాత్ర అడిగే అలవాటు మనది.

కొన్నేళ్ల కిందట తెనాలి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆరు నెలలుగా ఇలాగే షాపు మాత్రలు, మధ్యలో ఊళ్లో ఎవరో వేసిన రెండు ఇంజెక్షన్లు. ఆయన తిమ్మిర్లు అనలేదు. "నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియట్లేదండీ, పంపు దగ్గర కళ్లు మూసుకుని మొహం కడుక్కుంటుంటే తూలి పడబోతున్నా" అన్నారు. ట్యూనింగ్ ఫోర్క్ (కొడితే కంపించే లోహపు కడ్డీ) మోగించి బొటనవేలి ఎముక మీద పెడితే అది కదులుతున్న సంగతే ఆయనకు తెలియలేదు. బీ12 మొదలుపెట్టాక చాలావరకు తేరుకున్నారు కానీ పూర్తిగా కాదు, ఇప్పటికీ చీకట్లో గోడ పట్టుకునే నడుస్తారు. ఆ ఆరు నెలలు వెనక్కి తేలేం కదా.

మీది అదే అని నేను అనడం లేదు. మిమ్మల్ని చూడకుండా, కాళ్లు పరీక్షించకుండా ఇక్కడ కూర్చుని చెప్పలేను. షుగర్ కావచ్చు, థైరాయిడ్ అదుపు తప్పి ఉండొచ్చు, రోజంతా కుర్చీలో కూర్చుంటే నడుము దగ్గర నరం నొక్కుకుని ఉండొచ్చు. ఈ వారంలోనే దగ్గర్లోని ఫిజీషియన్ దగ్గరకు వెళ్లండి, ఆ బీకాంప్లెక్స్ స్ట్రిప్ చేత్తో పట్టుకెళ్లండి. సీబీసీ (రక్తకణాల లెక్క), బీ12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) రాయొచ్చు, బీ12 అటూ ఇటూ కాకుండా ఉంటే హోమోసిస్టీన్ (బీ12 చాలనప్పుడు రక్తంలో పెరిగేది) కూడా చూస్తారు. నడక తూలినా, తిమ్మిరి మోకాళ్ల దాకా పాకినా వారం కూడా ఆగొద్దు.

లోపమని తేలితే బీ12 వేసుకోవడానికి వీగన్ మొహమాటం అక్కర్లేదు, దాన్ని బ్యాక్టీరియాతోనే తయారు చేస్తారు. క్యాప్సూల్ అయితే తొడుగు జంతువుల నుంచి తీసే జెలటిన్‌ది కావచ్చు, ట్యాబ్లెట్ రాయమని అడగండి. న్యూట్రిషనల్ ఈస్ట్‌లో (చీజ్ రుచి కోసం చల్లుకునే ఈస్ట్ పొడి), స్పైరులినాలో (నాచు పొడి) బీ12 ఉందని వీడియోలు చూసి నమ్మకండి. ఈస్ట్‌లో విడిగా కలిపితేనే ఉంటుంది, స్పైరులినాలో ఉన్న రకం మన ఒంటికి పనికిరాదు.

థైరాయిడ్ మాత్ర, క్యాల్షియం కలిపి మింగడం ఈరోజే ఆపండి. క్యాల్షియం ఆ మాత్రను పేగుల్లోనే పట్టేసుకుంటుంది, మీరు వేసుకున్న మందులో కొంత ఒంటికి పట్టకుండానే పోతుంది. థైరాయిడ్ మాత్ర పొద్దున పరగడుపున, క్యాల్షియం కనీసం నాలుగు గంటలు ఆగి మధ్యాహ్నం భోజనంతో. ఐరన్ వాడినా ఇదే లెక్క. సోయా పాలు మొదలుపెట్టి ఉంటే అవీ ఆ మాత్రకు దూరంగానే తాగండి. ఈ టైములు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చూపించుకోవాలి. పిల్లల ఆలోచన ఉంటే ఇవన్నీ సర్దుకున్నాకే, ఆ మాట కూడా మీ డాక్టరుతో ముందే చెప్పండి.

ఇక మీ చీజ్. పాల చీజ్ సాగడానికి కారణం కేసిన్ అనే ప్రొటీన్, మొక్కల్లో అది లేదు. అందుకే కొబ్బరినూనె, కర్రపెండలం పిండో బంగాళాదుంప పిండో కలిపి ఆ సాగుడు తెప్పిస్తారు. కొబ్బరినూనెలో నూటికి దాదాపు తొంభై పాళ్లు శాచురేటెడ్ కొవ్వు. అలాంటి చీజ్‌లో ప్రొటీన్ దాదాపు సున్నా. కాబట్టి ఎప్పుడైనా ఆదివారం పిజ్జా మీద వేసుకోండి, రోజూ బ్రెడ్డులో పెట్టుకుని పాలకు బదులు అనుకోకండి. క్యాల్షియం కలిపారో లేదో ప్యాకెట్ వెనక చదవండి. ఇంకో మాట, ఆకుపచ్చ చుక్క ఉంటే వీగన్ అని కాదు, పాలున్న వాటికీ అదే చుక్క. లాక్టోజ్ ఫ్రీ అన్నా పాలదే. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022లో వీగన్ ఆహారానికి వేరే గుర్తు పెట్టింది, అది వెతకండి.

పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలి. వంద గ్రాముల రాగుల్లో మూడొందల యాభై దాకా ఉంటుంది, నువ్వులు ఇంకా నయం. నువ్వుల పొడి అన్నంలో కలుపుకు తినే ఊళ్లో ఉండి చీజ్ ప్యాకెట్లో క్యాల్షియం వెతకడమేంటి! ప్రొటీన్‌కు టోఫూ (సోయాపాల పనీర్) తెచ్చుకోండి, క్యాల్షియం సల్ఫేట్‌తో గడ్డకట్టించినది అయితే రెండూ కలిసొస్తాయి. పప్పు ఎలాగూ తింటారు.

జీడిపప్పు చీజ్ ఇంట్లో చేసుకోవచ్చు, రుచి మీకే తెలియాలి. కానీ వీడియోల్లో చూపించినట్టు పులియడానికి రాత్రంతా గిన్నె గట్టు మీద వదిలేయకండి, అవి మన బెజవాడ ఎండలు ఎరగనివాళ్లు చేసినవి. 2021లో అమెరికాలో జీడిపప్పు వీగన్ చీజ్ తిన్నవాళ్లకు సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకింది, పాలు లేవు కదా అని క్రిములు ఊరుకోవు. వేడినీళ్లలో నానబెట్టి, నిమ్మరసం, ఉప్పు వేసి రుబ్బి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు మూడు రోజుల్లో అయిపోయేంతే చేసుకోండి. కరెంటు పోయి ఫ్రిజ్ చాలాసేపు ఆగిన రోజు మాత్రం వాసన చూసి తేల్చుకోవాలని చూడకుండా పారేయండి.

— జనరల్ ఫిజీషియన్, గుంటూరు