1070లో ఇంగ్లిష్ బిషప్పుల పదవులు ఊడుతుంటే వుల్ఫ్‌స్టన్ ఎలా నిలిచాడు?

ఊస్టర్ బిషప్పు వుల్ఫ్‌స్టన్ పవిత్రత చూసి, 1066లో ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్ రాజు విలియం వదిలేశాడా అని మీ ప్రశ్న. అంతకుముందటి ఎడ్వర్డ్ రాజు సమాధిలో దిగబడిన బిషప్పు చేతికర్ర ఆయనకొక్కడికే ఊడివచ్చిందన్న కథ 12వ శతాబ్దిది, పక్కన పెట్టండి. నా లెక్కలో ఆయన్ని కాపాడింది సక్రమమైన అభిషేకం, కాగితాలు, సైనికులు.

కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు స్టిగాండ్ పదవి చెల్లదని రోమ్ అంటోంది కనుక, 1062లో వుల్ఫ్‌స్టన్ యార్క్ ఆర్చిబిషప్పు ఎల్డ్రెడ్ చేత అభిషేకం చేయించుకున్నాడు. ఆ ఏడాది ఇంగ్లండ్‌కొచ్చిన పోప్ ప్రతినిధుల్లో సియోన్ బిషప్పు ఎర్మెన్‌ఫ్రిడ్ ఒకరు. 1070లో వించెస్టర్ సభకొచ్చి స్టిగాండ్‌ను దించిన ప్రతినిధుల్లోనూ ఆయన ఉన్నాడు. వుల్ఫ్‌స్టన్‌ను తప్పుపట్టాలంటే తాము ఒప్పుకున్నదాన్నే తప్పనాలి! పైగా వుల్ఫ్‌స్టన్ 1066లోనే బెర్క్‌హాంస్టెడ్‌లో విలియంకు లొంగిపోయాడు.

అసలు తంటా భూములతో. 10వ శతాబ్దిలో బిషప్పు ఓస్వాల్డ్ చర్చి భూముల్ని ముగ్గురి జీవితకాలానికి కౌలుకిచ్చాడు: తీసుకున్నవాడు, వాడి తర్వాత ఇద్దరు, ఆపైన భూమి చర్చికి రావాలి. కొన్ని పత్రాల్లో ఒకే తోలు మీద పాఠాన్ని రెండుసార్లు రాసి, మధ్యలో పెద్దక్షరాల మీదుగా కోసేవారు. తగాదా వస్తే ఇరుపక్షాల ముక్కలు కలిపి చూడొచ్చు. కానీ ఇంగ్లిష్ కౌలుదారు చచ్చాకో పారిపోయాకో అక్కడ దిగిన నార్మన్‌కు ఈ గడువులతో పనేముంది? అక్కడ రాజు తరఫు అధికారి అయిన షెరీఫ్ ఉర్స్ అయితే కోట కందకాన్ని సన్యాసుల శ్మశానంలోకే తవ్వించాడు. అందుకే వుల్ఫ్‌స్టన్ హెమ్మింగ్ అనే సన్యాసి చేత పత్రాలన్నీ ఒకచోట రాయించాడు, పోయిన భూముల చిట్టాతో సహా. విలియం దేశమంతా చేయించిన 1086 డూమ్స్‌డే భూసర్వేలో, ఊస్టర్ చర్చికి చెందిన ఓస్వాల్డ్‌స్లో ప్రాంతపు 300 హైడ్ల (పన్ను లెక్కకు వాడే భూమి కొలత) మీద షెరీఫ్‌కు ఏ హక్కూ లేదని నమోదైంది. అక్కడా పూర్తి గెలుపు కాదు: అదే ఉర్స్ ఆ భూముల్లో పెద్ద కౌలుదారు.

ఇక సైనికులు. రాజుకు 50 మంది నైట్లను (గుర్రపు యోధుల్ని) పంపడం ఊస్టర్ బాధ్యత. భూముల్ని వాళ్ల మధ్య పంచక తప్పలేదు, అదే తర్వాత చర్చికి నష్టం. కానీ 1075లో హెర్‌ఫర్డ్ ఎర్ల్ రోజర్ తిరగబడితే, సెవెర్న్ నది దాటనీయకుండా ఆపినవాళ్లలో వుల్ఫ్‌స్టన్, ఉర్స్ ఒకే వైపు ఉన్నారు. 1088 తిరుగుబాటులో విలియం కొడుకు, తర్వాతి రాజు విలియం రూఫస్ పక్షాన వుల్ఫ్‌స్టన్ ఊస్టర్‌ను నిలబెట్టాడు.

ఆ రూఫసే 1095లో వుల్ఫ్‌స్టన్ పోగానే బిషప్పు భూములు తన చేతికి తిరిగొచ్చాయంటూ, ఒక్కో కౌలుదారు పేరు, చెల్లించాల్సిన మొత్తం రాసి వసూలు ఆజ్ఞ పంపాడు.