కంపోజిషన్‌లో సి మైనస్ వస్తే కోర్సు వదిలేయాలా?

ప్రశ్న: మా అబ్బాయికి ఇంటర్ ఇంగ్లిష్‌లో 96 మార్కులు. ఈ ఆగస్టులో అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో బీఎస్ కంప్యూటర్ సైన్స్‌లో చేరాడు. ఫస్ట్ ఇయర్ కంపోజిషన్ అనే వ్యాసరచన కోర్సులో మొదటి వ్యాసానికి సి మైనస్ ఇచ్చారు. గ్రామర్ తప్పులు పెద్దగా లేవట. కోర్సు డ్రాప్ చేస్తానంటున్నాడు. టెక్సాస్‌లో ఉన్న వాళ్ల అన్నయ్య ఇకమీద వ్యాసాలు తానే దిద్దిపెడతానంటున్నాడు. నేను ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టి మాట్లాడనా?
- ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు డ్రాప్ సంగతి చూద్దాం. ఎఫ్-1 వీసా మీద డిగ్రీ చదివే పిల్లలు మామూలుగా సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు చదవాలి. కంపోజిషన్ చాలాచోట్ల 3 క్రెడిట్ల కోర్సు. అది తీసేస్తే మొత్తం 12 కంటే తగ్గేటట్టుంటే, ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసు అనుమతి ముందే తీసుకోవాలి. చెప్పకుండా డ్రాప్ చేస్తే వీసా స్టేటస్‌కే ఇబ్బంది. అయినా ఇప్పుడు వదిలేస్తే వచ్చే సెమిస్టర్‌లో మళ్లీ ఎదురయ్యే కోర్సే ఇది. హార్వర్డ్ 1885లోనే దీన్ని మొదటి ఏడాది పిల్లలకి తప్పనిసరి చేసింది. ఇప్పుడు అక్కడి చాలా యూనివర్సిటీల్లో ఇంజినీరింగ్, కంప్యూటర్స్ పిల్లలకి కూడా తప్పదు. కాబట్టి వదలొద్దనే నా సలహా.

ఇక మార్కుల విషయం. 96 తెచ్చుకున్నవాడికి సి మైనస్ ఏమిటని మీకు బాధగా ఉండటం సహజం. కానీ అక్కడ దిద్దింది వాడి ఇంగ్లిష్‌ని కాదు, వాడి వాదనని. మన ఇంటర్ పేపర్‌లో ఎనొటేషన్లు, పాఠం మీద ప్రశ్నలు ఉంటాయి. చదివింది గుర్తుపెట్టుకుని తప్పుల్లేకుండా రాస్తే మార్కులు పడతాయి. కంపోజిషన్‌లో ‘నువ్వేమంటున్నావు, ఎందుకంటున్నావు, ఒప్పుకోనివాడికి ఏం చెబుతావు’ అని అడుగుతారు. ఈ మూడూ మన పిల్లల్ని ఇంటర్‌దాకా ఎవరూ గట్టిగా అడగరు. ఇది వాడి లోపం కాదు.

ఒక ఉదాహరణ చెబుతాను. ‘సోషల్ మీడియా వల్ల లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి’ అని మన పిల్లలు మొదటి పేరా ముగిస్తారు. అందులో ఎవరూ కాదనడానికి ఏమీ లేదు, కాబట్టి అది థీసిస్ కాదు, అంటే వ్యాసం నిలబెట్టాల్సిన వాదన కాదు. అదే ‘ఇంటర్ హాస్టళ్లలో ఫోన్లు తీసేసుకోవడం వల్ల పిల్లల చదువు కంటే తల్లిదండ్రుల ధైర్యమే ఎక్కువ పెరుగుతోంది’ అని రాశాడనుకోండి. చదివినవాళ్లలో సగం మంది వెంటనే ‘అలా ఎలా అంటావు?’ అంటారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడమే మిగతా నాలుగు పేజీల పని. రెండో వాక్యంలో చిన్న గ్రామర్ తప్పు దొర్లినా ప్రొఫెసర్ దాన్నే మెచ్చుకుంటారు. వ్యాసంతో పాటు రూబ్రిక్ అనే కాగితం ఇచ్చి ఉంటారు. దేనికి ఎంత వెయిటేజీయో అందులో రాసి ఉంటుంది. దాన్ని దగ్గర పెట్టుకుని మార్కులు ఎక్కడ పోయాయో వాణ్ణి చూసుకోమనండి.

రెండో సంగతి, డ్రాఫ్టులు. రాత్రికి రాత్రి కూర్చుని ఒకేసారి ఫెయిర్ కాపీ రాసే అలవాటు అక్కడ చాలా నష్టం చేస్తుంది. రఫ్ డ్రాఫ్ట్ రాయాలి, పీర్ రివ్యూలో తోటి పిల్లలు చదివి వ్యాఖ్యలు రాయాలి, ఆ తర్వాత వ్యాసాన్ని తిరగరాయాలి. తిరగరాయడమంటే స్పెల్లింగులు సరిచూడటం కాదు. అవసరమైతే మూడో పేరాని మొదటికి తేవాలి, పనికిరాని పేజీని కొట్టేయాలి. కొందరు ప్రొఫెసర్లు మార్కులు వేసిన వ్యాసాన్ని కూడా సరిదిద్ది మళ్లీ ఇవ్వనిస్తారు. ఆ వీలుందేమో సిలబస్‌లో ఈ రోజే చూసుకోమనండి.

అన్నయ్య సాయం మాత్రం వద్దే వద్దు. ప్రేమతోనే చేస్తానంటున్నాడు, కాదనను. కానీ వేరేవాళ్లు తిరగరాసిన వాక్యాలు తన పేరుతో ఇస్తే అక్కడ అకడమిక్ ఇంటిగ్రిటీ కేసు, అంటే చదువులో నిజాయితీ తప్పిన కేసు అవుతుంది. కోర్సులో ఎఫ్ (ఫెయిల్) రావచ్చు, ఇంకా పెద్ద చర్యలూ ఉండొచ్చు. ఎవరి వ్యాసంలోంచో తీసుకున్న ఆలోచనని సొంత మాటల్లో రాసినా, ఎవరిదో చెప్పకపోతే అదీ కాపీ కిందే లెక్క. చాట్‌జీపీటీ లాంటివి ఎంతవరకు వాడొచ్చన్నది ఒక్కో ప్రొఫెసర్ ఒక్కోలా పెడతారు. సిలబస్‌లో లేకపోతే అడిగి తెలుసుకోవాలి. సాయం కావాలంటే క్యాంపస్‌లోనే రైటింగ్ సెంటర్ ఉంటుంది. చాలాచోట్ల ఉచితం. అక్కడివాళ్లు వ్యాసం దిద్దిపెట్టరు, పక్కన కూర్చుని ప్రశ్నలు అడుగుతారు. వాడికి ఇప్పుడు కావలసింది సరిగ్గా అదే.

మీరు మెయిల్ పెట్టొద్దు. అమెరికాలో ఫెర్పా అని 1974 నాటి చట్టం ఒకటుంది. దాని ప్రకారం కాలేజీలో చేరాక రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. వాడి రాతపూర్వక అనుమతి లేకుండా మార్కుల గురించి మీతో మాట్లాడటానికి ప్రొఫెసర్ సాధారణంగా ఒప్పుకోరు. వాణ్ణే ఆఫీస్ అవర్స్‌కి, అంటే ప్రొఫెసర్ పిల్లల్ని కలవడానికి కేటాయించే సమయానికి వెళ్లమనండి. మార్కులు పెంచమని అడగొద్దు. ‘నా థీసిస్ ఎక్కడ తేలిపోయింది?’ అని అడగాలి.

మీరు చేయగలిగింది వేరే ఉంది. రెండో వ్యాసం మొదలుపెట్టే ముందు ఫోన్‌లో తన వాదనేమిటో మీకు తెలుగులో చెప్పమనండి. మీరు వెంటనే ఒప్పుకోకండి. ఎందుకని అడగండి, ఎదురు వాదించండి. వాడు మీకు చెప్పిన జవాబుల్ని అప్పటికప్పుడు కాగితం మీద రాసుకోమనండి. రఫ్ డ్రాఫ్ట్‌లో పేరాలు వాటితోనే మొదలుపెట్టవచ్చు.