జనాభా పెరగడం వల్లేనా ప్రభుత్వాసుపత్రిలో బెడ్లు చాలడం లేదు?

మా కోనసీమ వరకు ఆ మాట నేను ఒప్పుకోను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లలు 1.7 మందే, జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. పెరుగుతున్నది పెద్దవాళ్లు. పిల్లలు హైదరాబాద్‌లోనో కువైట్‌లోనో ఉంటారు, ఇంట్లో బీపీ, షుగర్ మాత్రలతో ముసలాళ్లిద్దరే. తుంటి ఎముక విరిగి చేరిన మామ్మగారు బాలింతలా మూడో రోజుకి డిశ్చార్జ్ అయిపోరు కదా, ఆ మంచం ఒక పట్టాన ఖాళీ అవదు.

ఇక డబ్బు సంగతి. 2017 జాతీయ ఆరోగ్య విధానం వెయ్యి మందికి 2 బెడ్లు ఉండాలంది, 2025కల్లా ప్రభుత్వ ఖర్చు జీడీపీలో 2.5 శాతానికి చేరాలంది. చేరలేదు. పైగా మంచం ఒక్కసారి కొంటే సరిపోతుంది గానీ, దాని పక్కన మూడు షిఫ్టులూ నర్సు ఉండాలంటే నెలనెలా జీతం కావాలి, అందుకే బిల్డింగుకి రిబ్బన్ కటింగ్ అయినంత తొందరగా పోస్టులు భర్తీ కావు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పేదలకి పెద్ద ఆపరేషన్లు చేయించింది, కాదనను, కానీ ఆ సొమ్ములో ఎక్కువ భాగం ప్రైవేటుకే వెళ్లింది. 30 బెడ్ల సీహెచ్‌సీలో, అంటే దగ్గర్లోని సామాజిక ఆరోగ్య కేంద్రంలో, స్పెషలిస్టు లేకపోతే గోదావరి లంక ఊళ్లవాళ్లు రేవు దాటి, ఆటో ఎక్కి నేరుగా కాకినాడ పెద్దాసుపత్రికే పోతారు.