పిరమిడ్ ఎక్కే ముందు, బిడ్డా

బిడ్డా,

మీ కాలేజీ యాన్యువల్ డేకి జిమ్నాస్టిక్స్ టీమ్ కెప్టెన్‌వి నువ్వేనని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఒకరి మీద ఒకరు ఎక్కి మూడంతస్తుల పిరమిడ్ కడుతున్నారట, నువ్వు బ్యాక్ ఫ్లిప్ వేస్తావట, మంటల రింగులోంచి దూకే ఐటమ్ కూడా పెడదామని మగపిల్లలు పట్టుబడుతున్నారట. మన ఇంట్లో ఆడపిల్ల పల్టీ కొడతానంటే మా నాయిన ఎంత లొల్లి చేశాడో నీకు తెలియదు. అలాంటి ఇంటి పిల్ల ఇవాళ అందరి ముందు నిలబడి కౌంట్ చెప్తోందంటే సంతోషంతో నిద్ర పట్టలేదు. భయంతో కూడా పట్టలేదు. ఇన్నేళ్లు బడిలో పిల్లలతో డ్రిల్ చేయించినదాన్ని, కొన్ని విషయాలు చెప్పకుండా ఉండలేను.

ముందు మంటల రింగు. వద్దు. కిరోసిన్ గుడ్డలు, నైలాన్ డ్రెస్సులు, టెంట్ హౌస్ షామియానా, ఈ మూడూ ఒక్క చోట ఉండకూడదు. ఎవరడిగినా పెద్దమ్మ వద్దందని చెప్పు.

వార్మప్ సంగతి, నీళ్లు తాగడం, రాత్రి నిద్ర, ఇవన్నీ నీకు తెలిసినవే. పొద్దున్నే భద్రకాళి బండ్ మీద పరుగెత్తుతున్నావని విన్నాను, మంచిది. ప్రోగ్రాం రోజు మాత్రం రెండు మూడు గంటల ముందే ఇడ్లీనో అరటిపండో తిని ఊరుకోండి, కాలేజీ వాళ్లు ఇచ్చే బిర్యానీ ప్యాకెట్ ఐటమ్ అయ్యాకే విప్పండి.

ఇక అసలు ముచ్చట. మేం డిగ్రీ చదివేది 1980ల్లో. మా కాలేజీలోనూ టీమ్ ఉండేది, నేను పిరమిడ్‌లో అడుగు వరసలో మోకాళ్ల మీద, చేతుల మీద ఉండేదాన్ని. అందరికంటే పైన నిలబడేది నా దోస్తు. హ్యాండ్‌స్టాండ్ వేస్తే, అంటే చేతుల మీద తలకిందులుగా నిలబడితే, గోడ సాయం లేకుండా ఎంతసేపైనా అలా నిలిచి ఉండేది, మా కోసం వచ్చే వాళ్లు నిజానికి ఆమె కోసం వచ్చేవాళ్లు. యాన్యువల్ డే రోజు ప్రోగ్రాం ఆరింటికన్నారు. ఆరింటికల్లా మేం ఒళ్లు వేడి చేసుకుని, డ్రెస్సులు వేసుకుని స్టేజీ వెనక రెడీగా ఉన్నాం. ముఖ్య అతిథి వచ్చేసరికి ఎనిమిదైంది. ఆ తర్వాత దండలు, శాలువాలు, ప్రసంగాలు, బహుమతులు. పరదా వెనక సిమెంటు మెట్ల మీద పల్చటి బట్టల్లో కూర్చుని చలికి ముడుచుకుపోయాం. తొమ్మిదిన్నర దాటాక ఒక సార్ ఉరుక్కుంటూ వచ్చి, పెద్దసారు వెళ్లిపోతున్నాడు, మిగతావన్నీ తీసెయ్యండి, ఆఖరి పిరమిడ్ ఒక్కటే చూపించండి అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఎక్కడినుంచో ఒక జెండా తెచ్చి పైన నిలబడే పిల్ల చేతికి ఇమ్మన్నాడు. ఆ జెండాతో ఒక్కసారి కూడా ప్రాక్టీస్ చెయ్యలేదు. మా కెప్టెన్ అక్క ఒకసారి మా వైపు చూసింది, ఒకసారి సార్ వైపు చూసింది, "సరే సార్" అంది.

అడుగు వరసలో ఉన్న మనిషికి ఏమీ కనిపించదు బిడ్డా. నాకు కనిపించింది ఎర్ర కార్పెట్, నా రెండు చేతులు, పక్క పిల్ల రెండు చేతులు. టెంట్ హౌస్ వాళ్లు చెక్కల మీద ఆ కార్పెట్ ఊరికే పరిచారు, మేకు లేదు, టేపు లేదు. పై వాళ్లు ఎక్కుతుంటే వీపు మీద బరువు ఒక్కో మనిషి ఎక్కినప్పుడల్లా తెలుస్తుంది, చివరి బరువు కూడా తెలిసింది, చప్పట్లు మొదలయ్యాయి. అప్పుడు పక్క పిల్ల చేతి కింద కార్పెట్ ముడత పడి ముందుకు జరిగింది. చాలా కొంచెం, రెండు వేళ్ల మందం. ఆ రెండు వేళ్లే పైన ఉన్న పిల్లకి చాలైపోయింది. ఒక చేతిలో జెండా, పట్టుకోవడానికి మిగిలింది ఒక చెయ్యి. వెనక్కి పడుతూ ఆ చెయ్యి కింద పెట్టేసింది. జనం అది కూడా ఐటమ్‌లో భాగమనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

స్టేజీ ఖాళీ చెయ్యాలని ఎవరో ఆమెను భుజాలు పట్టి లేపి లోపలికి తీసుకుపోయారు, ఇంకెవరో బామ్ రాసి మణికట్టు గట్టిగా రుద్దారు. తెల్లారి దవాఖానాలో ఎక్స్‌రే తీస్తే ఎముక మంచిగానే ఉంది, బెణికింది అన్నారు. నొప్పి మాత్రం పోలేదు. నెల దాటాక ఇంకో డాక్టర్ చూసి, బొటనవేలి మొదట్లో ఉండే చిన్న ఎముక విరిగిందని చెప్పాడు. స్కాఫాయిడ్ అంటారు దాన్ని. చెయ్యి చాచి పడితే మణికట్టులోని చిన్న ఎముకల్లో ఎక్కువగా విరిగేది అదే, మొదటి ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు, దానికి రక్తం అందేది తక్కువ కాబట్టి ఆలస్యమైతే అతుక్కోకపోవచ్చు. నా దోస్తుకు అతుక్కోలేదు. పెళ్లయ్యాక కూడా ఆ చేత్తో నీళ్ల బిందె ఎత్తలేకపోయేది. మళ్లీ ఎప్పుడూ హ్యాండ్‌స్టాండ్ వెయ్యలేదు.

మా కెప్టెన్ అక్క మీద నాకు కోపం లేదు, ఇరవై ఏళ్ల పిల్ల, ఎదురుగా లెక్చరర్, బయట ఊరంతా కూర్చుని ఉంది. కానీ నువ్వు ఆ పని చెయ్యకు. ప్రోగ్రాం రోజు ఆగమాగంలో నీ నోటికి "కాదు" అనే మాట రాదు, అందుకే ఇప్పుడే, ఈ వారంలోనే మీ పీడీ సార్‌ని, కల్చరల్ కమిటీ వాళ్లను కలిసి చెప్పు. స్టేజీ మీదికి పిలవడానికి ఇరవై నిమిషాల ముందు కబురు రావాలి, మళ్లీ ఒళ్లు వేడి చేసుకోవాలి. టైం తగ్గితే ముందు తీసేసేది పిరమిడ్ మూడో అంతస్తు, వార్మప్ కాదు. ప్రాక్టీస్‌లో లేని వస్తువు ఏదీ, జెండా అయినా పూలదండ అయినా, ఎవరి చేతికీ ఎక్కదు. కాగితం మీద రాసి ఇచ్చినా తప్పు లేదు. మర్యాదగానే చెప్పు, కానీ చెప్పు.

స్టేజీ వేసే రోజు నువ్వు అక్కడుండాలి. చెక్కల జాయింట్ల మీద ఉత్త కాళ్లతో నడిచి చూడు, ఎక్కడ కిందికి దిగుతుందో, ఎక్కడ మేకు తేలిందో గుర్తు పెట్టుకో. కార్పెట్ తీసేయమను, మీ మ్యాట్లే పరిచి అంచులు టేపుతో అతికించండి. నువ్వు టీవీలో చూసే ఫ్లోర్ వేరు, 12 మీటర్ల చదరం, పలకల కింద స్ప్రింగులు, పైన నురుగు పొర, అది మనిషిని తిరిగి పైకి లేపుతుంది. 2016లో రియో ఒలింపిక్స్‌లో దీపా కర్మాకర్ వాల్ట్‌లో, అంటే ఉరికొచ్చి బల్ల మీద చేతులు ఆనించి గాల్లోకి ఎగిరే ఐటమ్‌లో, ప్రొడునోవా అనే కష్టమైన రెండు పల్టీల దూకుడు వేసి నాలుగో స్థానంలో ఆగినప్పుడు, 0.150 పాయింట్ల తేడాతో మెడల్ పోయిందని నేను ఏడ్చాను. 2018లో మన హైదరాబాద్ పిల్ల బుద్దా అరుణా రెడ్డి మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో కాంస్యం తెస్తే వీధంతా మిఠాయిలు పంచాను. వాళ్లు దిగేది మందపాటి మ్యాట్ల మీద, నువ్వు దిగేది చెక్క మీద. దిగేటప్పుడు ఒంటి బరువుకు ఎన్నో రెట్లు మోకాళ్ల మీద పడుతుంది. కాబట్టి బ్యాక్ ఫ్లిప్ ఒక్కటి వెయ్యి, మంచిగా వెయ్యి, మోకాళ్లు వంచి దిగు, చాలు. లైట్లు వేసి కూడా ఒకసారి ప్రాక్టీస్ చెయ్యి, తల వెనక్కి వేసినప్పుడు లైటు కళ్లలో కొడితే నేల ఎక్కడుందో తెలియదు.

పిరమిడ్‌లో పై వాళ్లు కింది వాళ్ల నడుము మధ్యలో ఎక్కకూడదు, తుంటి మీద, భుజాల మీద మాత్రమే బరువు వెయ్యాలి. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు ఊరికే నిలబడి ఉండాలి, పట్టుకోవడమే వాళ్ల పని. దిగేటప్పుడు కూడా పడతారు, చప్పట్లు వినగానే అడుగు వరస వాళ్లు లేస్తారు కాబట్టి. పై వాళ్ల కాళ్లు నేల మీద పడేదాకా కింద ఎవరూ కదలకూడదు. కౌంట్ ఒక్కరే చెప్పాలి. బతుకమ్మ ఆడేటప్పుడు అందరూ ఒక్క చప్పట్లో వంగి ఒక్క చప్పట్లో లేస్తారు చూడు, అంత కలిసిపోయేదాకా మూడో అంతస్తు జోలికి పోవద్దు.

పడటం కూడా నేర్పించు. గడ్డం ఛాతీకి ఆనించి దొర్లాలి, చేతులు వెనక్కి చాచకూడదు. ఎవరైనా మెడ మీదో వెన్ను మీదో పడితే లేపొద్దు, కూర్చోబెట్టొద్దు, తల కదలకుండా ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. ఆ ఇద్దరు ఎవరో ఇప్పుడే అనుకోండి.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్తున్నా. డ్రెస్సులు టైలర్ దగ్గర సరిగ్గా కుట్టించుకోండి, వదులుగా ఉందని పిన్నీసులు పెట్టుకోవద్దు, అవి ఊడి అరచేతుల్లో దిగుతాయి. గాజులు, పట్టీలు, చెవి రింగులు అన్నీ తీసెయ్యాలి. ఆ రోజు తలకు నూనె పెట్టొద్దు, కాళ్లకు లోషన్ రాయొద్దు, పట్టు జారుతుంది. నెలసరి వచ్చిన పిల్ల సిగ్గుపడి దాచుకుని, నీరసంగా ఉన్నా పైకి ఎక్కే పరిస్థితి రానివ్వకు, నీతో చెప్పుకునేంత దగ్గరగా ఉండు. పై పిల్లకి బదులు ఎక్కే ఇంకో పిల్లను కూడా మొదటి నుంచీ తయారు చెయ్యి.

నువ్వు చిన్నప్పుడు నన్ను రామప్పకి తీసుకెళ్లమని ఏడ్చి, అక్కడ స్తంభాల మీద రాతిలో నాట్యం చేస్తున్న ఆడవాళ్లను చూసి, వాళ్లలాగా నడుము వంచబోయి గడప దగ్గర వెల్లకిలా పడ్డావు. ఏడవలేదు, లేచి మళ్లీ వంగావు. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్ల ఆగదని. ఆగమని నేను చెప్పడం లేదు. పైలంగా చెయ్యి, అంతే.

ఇంకొకటి, మీ అమ్మ మాటల్లో యథాలాపంగా ఒక మాట అంది, టీమ్‌లో సెకండియర్ పిల్ల ఒకతె మణికట్టు నొప్పి అంటూనే క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని ప్రాక్టీస్‌కి వస్తోందని. బొటనవేలు పైకెత్తితే మణికట్టు దగ్గర చిన్న గుంట పడుతుంది, అక్కడ నొక్కితే నొప్పి అంటోందేమో చూడు. అన్నా అనకపోయినా, ప్రాక్టీస్ ఆపించి ఎముకల డాక్టర్ దగ్గరికి రేపే తీసుకెళ్లు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా నొప్పి ఉంటే పది పద్నాలుగు రోజులకు మళ్లీ తీయించాలి. ఆటో డబ్బులు, ఫీజు నేను ఫోన్‌పేలో పంపిస్తాను. డాక్టర్ ఏమన్నాడో సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ